వాన పడేటప్పుడు రోడ్డు దగ్గరికి పోగూడదన్న షరతు గురించి

రెవెన్యూ అధికారి గారి సముఖమునకు,

వరికుంటపాడు మండలం, వాగుగట్టు కాలనీ కాపురస్తుడు హుసేనయ్య, చేపల పని మరియు కూలి, అల్లుడు శ్రీను చేత వ్రాయించుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: రోడ్డు తెగ్గొట్టినదని నా భార్య చెంచులక్ష్మిపై తమరు పెట్టించిన కేసు ఎత్తివేయుట, లేనియెడల వాన కురియు సమయమున తమరే స్వయముగా హాజరగుట గురించి.

1. మాకూ ఉదయగిరి దారికీ నడుమ వాగు కలదు. సదరు వాగు మీద పాత చప్టా ఉండేది. వాన వస్తే నీళ్ళు దాని మీదుగా పొయ్యేవి. మేము ఇవతల బీడీ కాల్చుకుంటా కూర్చొని, తగ్గినాక దాటేవాళ్ళం. ఎవురికీ నష్టము లేదు.

2. అభివృద్ధి నిమిత్తము సదరు చప్టా తీసివేసి, అవతల ప్లాట్లు వేసిన ఆసామి కోసం మనిషెత్తు రోడ్డు కట్టిరి. అడుగున రెండు పైపులు పెట్టిరి. వాటిల్లో మా మేకపిల్ల దూరి ఇరుక్కున్నది. కొండవాలులో చెట్లు కొట్టి గ్రావెల్ తవ్వినందున, పూటకు కొండ దిగే నీళ్ళు ఇప్పుడు అన్నం ఉడికేలోపల వాగులోకి దిగుతున్నవి. ఇంజనీరుకు ఆ రోజే చెప్పినాము. "పైనుంచి అప్రూవల్ వచ్చిందయ్యా" అన్నాడు. "నీళ్ళూ పైనుంచే వస్తాయి సారూ" అని చెంచులక్ష్మి అనినది.

3. పోయిన కార్తీకంలో తుపాను నీళ్ళు రోడ్డుకు తగిలి, వెనక్కి తిరిగి మా ఇళ్ళలో పడినవి. రొమ్ములోతు. కూతురు ప్రసన్నకుమారి పచ్చి బాలింత. మంచం మీద మంచం వేసి, బిడ్డను పట్టుకొని కూర్చున్నది. పై మంచం కూడా తడిసినది. అప్పుడు చెంచులక్ష్మి ఆడోళ్ళను వెంటబెట్టుకొని పోయి రోడ్డుకు గండి కొట్టినది. నీళ్ళు ప్లాట్లలోకి పోయి హద్దురాళ్ళు కొట్టుకొనిపోయినవి. బిడ్డ బతికినది.

4. మునిగిన మా ఇళ్ళకు ప్రకృతి వైపరీత్యము అని వ్రాసినారు. పోయిన రాళ్ళకు మాత్రం ముద్దాయిని వ్రాసినారు. ప్రకృతికి ఆధార్ కార్డు లేదని వదిలేసినారా?

5. బెయిలు షరతు ఏమనగా, వాన పడేటప్పుడు సదరు ముద్దాయి రోడ్డు పరిసరములకు పోరాదు. ఎండాకాలం పోయి ఏం చేస్తాదయ్యా? కడుపు మండి అడుగుతున్నా. మనవడు మునిగేది చూస్తా కూర్చోమంటారా? గండిని వెంటనే పూడ్చినారు, మళ్ళీ అవే రెండు పైపులతో. మా ఇళ్ళలో బురద మేమే ఎత్తిపోసుకున్నాం.

కావున నీళ్ళు పట్టేంత కల్వర్టు కట్టించి, కేసు ఎత్తించవలెను. కాదంటే వాన మొదలుకాగానే తమరు జీపులో వచ్చి, తమ చేత్తో గండి కొట్టవలెను. ఆమె ఇంట్లోనే ఉంటాది, కోర్టు మాట జవదాటదు.

చిత్తగిస్తే చిత్తగించండి, లేదంటే లేదని చెప్పనైనా చెప్పండి. కింద విధేయుడని రాయాలంట, రాయిస్తున్నా.

తమ విధేయుడు,
హుసేనయ్య (వేలిముద్ర)

తా.క.: ఉదయగిరి కొండ మీద మబ్బు నల్లంగా పట్టినాది. చెంచులక్ష్మి అప్పుడే రోడ్డు మీదికి పోయినాది, పిలిచినా ఆగలా. నేనూ పోతున్నా. శ్రీను ఈ మాట రాసి లేస్తాడు. రెండో ముద్దాయి హుసేనయ్య, మూడో ముద్దాయి శ్రీను. విచారించే పని మీకు లేకుండా పేర్లు మేమే రాసిచ్చినాం.