చప్పట్లు రెండో లెక్కమీద

లొరెయిన్ గారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ చర్చిలో మీ పేరిట పాటలు పెట్టారు. మా ఆయన్నీ అమ్మాయినీ వెంటబెట్టుకుని వెళ్లాను.

పాస్టర్ గారు మీ గురించి చెప్పారు. చిన్నపిల్లగా ఆ వేదిక మీదే మొదలుపెట్టారట. ఏళ్ల తరబడి సోల్ సంగీతం పాడే పెద్ద పెద్ద గాయకుల వెనక నిలబడి కోరస్ పాడారట. మీ సొంత పాట రేడియోల్లో మోగిపోయాక కూడా ఆదివారానికి అక్కడికే వచ్చేవారట. నాకు తెలిసింది మాత్రం గొంతు బొంగురుపోయాక ఈ క్యారీ ఊళ్లో మా పక్కింట్లో దిగిన మీరు. ఆ గొంతుతోనే మీ ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చుని ఒక్క మాటని సాగదీస్తే, నేను గిన్నెలు తోమడం ఆపేసి వినేదాన్ని.

మొదటిసారి నేను మీ పాట వినడానికి చర్చికి వచ్చిన రోజు గుర్తుందా? మా భజనల్లో తాళం దెబ్బ మొదటి లెక్కమీద పడుతుంది. నా చేతులకి అదే అలవాటు. హాలంతా రెండోదాని మీద చప్పట్లు కొడుతుంటే నావి ముందే పడిపోతున్నాయి. మీరు పాడుతూనే దిగి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. మొదటి లెక్క దాటాక వదిలారు.

ఇవాళ మీ మనవరాలు ఆ పాటే ఎత్తుకుంది. మీ గొంతు రాలేదు గానీ మీ తెగింపు వచ్చింది. మా ఆయన ఉత్సాహంగా మొదటి లెక్కమీదే కొట్టేశారు.

"నాన్నా, స్టాప్. ఎంబరాసింగ్‌గా ఉంది," అంది అమ్మాయి.

"పాట బాగుంటే కొట్టొద్దా?" అన్నారాయన.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆ లెక్క దాటాక వదిలాను.