జోడీ బల్ల

శ్రీవారికి,

నమస్కారాలు. అక్కడ మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. అది పూర్తిగా నిజం కాదు. చదివాక మీకే తెలుస్తుంది.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. పాపకు పన్ను ఊడింది. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకెళ్లి, క్లాసంతా చూపించి వచ్చింది. వంటింట్లో కుళాయి కారడం ఆగలేదు. మీరు చెప్పినట్టే గుడ్డ చుట్టాను, ఇప్పుడు గుడ్డ కారుతోంది. మీ వంతెన పని దగ్గర క్యాంటీను తిండి గురించి రాసిన ముక్కలు చదివి వదిన ఆ పూట సరిగ్గా తినలేదు. "నోటికి రుచి తగలకపోతే వాడికి చిన్నప్పట్నుంచీ ముద్ద దిగదే" అని ఒకటే గొడవ.

చివర్లో ఎగతాళిగా ఒకటి అడిగారు. "కనీస కూలి పెరిగిందటగా, మీ వదినామరదళ్ల యుద్ధంలో ఎవరు గెలిచారు?" అని. ఈ ఉత్తరం ఇంత ఆలస్యం కావడానికి కారణం ఆ ఒక్క ప్రశ్నే.

యుద్ధం సంగతి మీకు కొత్త కాదు. కూలి పెంచాలని మా లాండ్రీలో అందరిచేతా సంతకాలు పెట్టించింది నేను. వద్దని మొత్తుకున్నది మీ అక్క. "పెంచమంటే పెంచుతారే పిల్లా. పెంచి మనలో సగం మందిని బయటికి నెడతారు. ఉన్నది ఊడాక ఆ పెరిగిన కూలి ఎవరికి?" అనేది. నేనూరుకుంటానా? "పొద్దున్నుంచి నిలబడి దుప్పట్లు మడిచేవాళ్లం, పిల్లకి బూట్లు కొనాలంటే నెలల తరబడి ఆలోచించాలా? ఇలా భయపడే ఇన్నాళ్లూ ఇట్లా ఉన్నాం" అనేదాన్ని. బస్సులో మొదలుపెట్టి, పనిలో దుప్పటి కొసలు పట్టుకుని కూడా వాదించుకునేవాళ్లం. చేతులు మాత్రం ఆగేవి కావు.

మా పని మీరెప్పుడూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను. హోటళ్ల దుప్పట్లు ఉతికాక వేడి రోలరు లోంచి బయటికి వస్తాయి. బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి, చెరో రెండు కొసలు అందుకుని, ఒక్క దులుపు దులిపి, ఎదురు నడిచి కొసకు కొస కలుపుతారు. దాన్ని జోడీ బల్ల అంటాం. చేరిన రోజు నుంచీ నాకు ఎదురు నడిచింది వదినే.

కూలి పెరిగింది. పెరిగిన వారమే పెద్దాయన, అంటే మా యజమాని, అందరినీ పిలిచి మాట్లాడాడు. "దుప్పటి రేటు పెంచేది లేదంటున్నారు హోటళ్లవాళ్లు. ప్రభుత్వమేమో కూలి పెంచింది. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను" అన్నాడు. అదంతా అబద్ధమని నేననను. వెనక వీధిలో చిన్న లాండ్రీ నిజంగానే మూతపడింది. కానీ ఆయన ఆ మాట అంటున్నప్పటికే గోడవార కొత్త ఇనుప స్టాండ్లు అట్టలు చుట్టి నిలబెట్టి ఉన్నాయి. స్టాండుకు పైన, తలకన్నా ఎత్తులో, పట్టుకొక్కేలుంటాయి. దుప్పటి కొసలు వాటికి తగిలిస్తే ఎదుటి మనిషి అక్కర్లేదు. "జోడీకి ఒకరు చాలు. ఎవరుంటారో మీలో మీరే తేల్చుకుని చెప్పండి" అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

మేమంతా చేతులు కడుక్కునే చోట గుమిగూడి ఒట్టు వేసుకున్నాం. ఎవరూ ఎవరి పేరూ చెప్పకూడదని. ఆ మాట ముందు అన్నది నేనే. వదిన నవ్వింది. "ఈ ఒట్టు మేనేజరు గది గుమ్మం దాకానే" అంది.

మర్నాటి నుంచి మేనేజరు ఒక్కొక్కరినే లోపలికి పిలిచాడు. అతన్ని మేం గడియారం అంటాం. మాట్లాడేది మనతో, చూసేది చేతి వాచీని. వెళ్లినవాళ్లు బయటికి వచ్చి తలెత్తకుండా పనిలో పడిపోయేవారు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరెక్కడ కూర్చునేదీ మారిపోయింది. ఎవరేం చెప్పారని ఎవరూ ఎవరినీ అడగడం లేదు. నన్నూ పిలిచాడు. ఆ సంగతి కిందికి రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

తర్వాత వదినను పిలిచి, వచ్చే నెల నుంచి రావద్దన్నారు. భుజం పనిచేయని మనిషి స్టాండు దగ్గర పనికిరాదన్నారు.

భుజం సంగతి మీకు తెలియదు. రాయొద్దని వదినే ఒట్టు పెట్టించుకుంది. పోయిన వానల్లో, తడి మూటల బండి చక్రం కాలువలో ఇరుక్కుంటే వదిన పట్టి లాగింది. బండి కదిలింది గాని ఆవిడ కుడి భుజం దగ్గర ఏదో కలుక్కుమంది. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. దెబ్బ తగిలిందని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఇద్దరం దాచాం. ఆ చెయ్యి మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు. అప్పట్నుంచి పై కొసలు నేను ఎత్తి పట్టేదాన్ని, ఆవిడ కింద అందుకునేది. దులుపు కూడా నా వైపు నుంచే. పక్క బల్లవాళ్లు కూడా కనిపెట్టలేకపోయారు.

పని పోయిన రోజు నేను ఏడుస్తుంటే వదినే నా వీపు నిమిరింది. "గడియారానికీ కళ్లున్నాయి కదే. ఎన్నాళ్లు దాస్తాం?" అంది. ఒక్క దెప్పుడు మాట అనలేదు. అంటే బాగుండేది. రెండో రోజుకల్లా మీ దగ్గరికి వస్తానని తేల్చేసింది. మీకూ మీ తోటివాళ్లకూ వండిపెట్టి నాలుగు డబ్బులు సంపాదిస్తుందట. ఒంటిచేత్తో అంత పెద్ద గిన్నెలు ఎలా దింపుతావని అడిగితే, పని చూసుకోమంది.

ఇక చెబుతాను. గడియారం కనిపెట్టలేదు. నేను చెప్పాను.

నన్ను పిలిచిన రోజు పొద్దున బస్సులో వదిన, "సంతకాలు పెట్టించావుగా, ఎవరు పోవాలో కూడా నువ్వే చెప్పు" అంది అందరూ వింటుండగా. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మంటతోనే లోపలికి వెళ్లాను. గడియారం వాచీ చూసుకుంటూ, "మీ బల్ల నుంచి ఎవరు? చెప్పకపోతే చీటీ వేస్తాను, నీ ఖర్మ" అన్నాడు. చీటీలో నా పేరు వస్తే పాప గతేమిటి అనుకున్నాను. "వదినకు కుడి చెయ్యి పైకి లేవదు" అన్నాను. అంతే. పేరు చెప్పనేలేదు కదా అనుకుంటూ బయటికి వచ్చాను. కోపమా, భయమా అని మీరడిగితే రెండూనండి. కోపం సాకు, భయమే అసలు.

తర్వాత ఉండబట్టలేక గడియారం దగ్గరికి వెళ్లి, నా మాట వెనక్కి తీసుకుంటానన్నాను. "అబద్ధం చెప్పావా? అయితే ఆవిణ్ణి పిలు, స్టాండు దగ్గర నిలబెట్టి చూద్దాం" అన్నాడు. ఎలా పిలవను? అబద్ధమైతే వెనక్కి తీసుకునేదాన్ని. నేను చెప్పింది నిజం.

కానీ సగం నిజం. చెయ్యి లేవదన్నాను గాని, అది ఎక్కడ పోయిందో చెప్పలేదు. ఇస్త్రీ చేసే పెద్దమ్మ నిన్న నన్ను పక్కకు పిలిచి చెప్పింది. పనిలో దెబ్బ తగిలిన మనిషిని ఇలా ఉత్త చేతులతో పంపకూడదట. కార్మికుల ఆఫీసులో ఫిర్యాదు చేయవచ్చట. దెబ్బ తిన్న మనిషి స్వయంగా రావాలి, చూసినవాళ్లు పక్కన నిలబడి చెప్పాలి. చూసింది నేనొక్కదాన్నే. చెప్పిన మర్నాడు ఆ లాండ్రీలో నాకూ చోటుండదని పెద్దమ్మ దాచకుండానే చెప్పింది.

వదిన ఇప్పుడు పక్క గదిలో సాయంత్రం బస్సుకు బట్టలు సర్దుకుంటోంది. ఎన్నోసార్లు గుమ్మం దాకా వెళ్లాను. నన్ను చూడగానే పాప జడల గురించో, బియ్యం డబ్బా మూత గురించో జాగ్రత్తలు చెబుతుంది. గడియారం ముందు అంత సులువుగా లేచిన నాలుక ఆవిడ ముందు లేవడం లేదు.

అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మీకిమ్మని ఆవిడ చేతికే ఇస్తాను, కవరు అంటించకుండా. మీ ఉత్తరాలన్నీ నాకంటే ముందు చదివే మనిషి, మీకు రాసింది చదవకుండా ఊరుకోదు.

వదినా, ఇక్కడిదాకా వచ్చావంటే నువ్వు బస్సులో ఉన్నావు. తిట్టుకో, అందుకు తగినదాన్నే. కూలి పెంచమనడం తప్పని మాత్రం ఇప్పటికీ అనను. తప్పు నేను ఆ గదిలో అన్న మాట. బస్సు ఎక్కడ ఆగితే అక్కడ దిగి వెనక్కి రా. క్షమించనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు. రేపు ఆఫీసు తెరిచేసరికి మెట్ల దగ్గర ఉంటాను. మిగిలిన సగం అక్కడ చెబుతాను. నువ్వు రాకపోతే నా మాట ఎవరూ రాసుకోరు.

ఏమండీ, ఈ ఉత్తరం మీ చేతిలో ఉందంటే వదిన దిగలేదన్నమాట. అప్పుడు నా తరఫున ఏమీ నచ్చజెప్పకండి. ముందు ఆ భుజం ఎవరైనా డాక్టరుకు చూపించండి.

ఇట్లు,
మీ భార్య,
నీ మరదలు.