నవ్వుకు భయపడి

వదినా,

చుట్టరికం లేకపోయినా నిన్ను ఇలాగే పిలుస్తాను, కోపం తెచ్చుకోకు. కుట్టు షాపులో నీ పక్క మిషను వదిలి నేను మూలకు మారింది వెలుతురు కోసం కాదు. రెండో కాన్పు తర్వాత నవ్వినా తుమ్మినా నాకు మూత్రం పడిపోయేది. నువ్వు ఓనరు నడక నడిచి చూపించిన రోజు నా కుర్చీ తడిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత నీతో మాటలే తగ్గించేశాను. మా ఆయన పక్కన పడుకోవాలన్నా అదే భయం, పైగా నొప్పి. తనంటే నాకు ఇష్టం పోయిందనుకున్నారు పాపం.

చివరికి ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి, “దీనికి వ్యాయామం ఉందండీ, ఎవరూ చెప్పలేదా?” అంది. మూత్రం ఆపుకునే కండరాన్ని బిగించడం, మళ్లీ పూర్తిగా వదలడం నేర్పింది. కొన్ని నెలలకు తగ్గింది. ఆయనకూ చెప్పేశాను. “ముందే చెప్పొచ్చు కదే,” అన్నారు.

అప్పటికే నువ్వు షాపు మానేశావు. నీకూ చెబుదామని వస్తే మీ ఇంటికి టులెట్ బోర్డుంది. పక్కింటావిడ నీ కొత్త అడ్రసిచ్చి, “ఖాళీ చేస్తూ కూడా మీ మాటే అండీ. నేనేమన్నా అన్నానా, ఎందుకు దూరమైంది అని ఒకటే బాధ,” అంది.

నువ్వేమీ అనలేదు వదినా. నన్ను నవ్వించావు, అంతే.