నీ కీబోర్డులో ఎర్రచుక్కలు

ఒరే సూరీ, బాగున్నావా? ఆలస్యానికి ఏమీ అనుకోకు. నువ్వు చనిపోయిన ఏడాదికి రాస్తున్నాను.

మన జిరాక్సు షాపులో నువ్వు టైపు కొట్టే కీబోర్డుకి సగం లైట్లు ఆరిపోతే, అమలాపురంలో ఒక రిపేరు కొట్టుకి పట్టుకెళ్లాను. నీకు నీలం పడదు కదా, తెల్ల ఎల్‌ఈడీలే కావాలన్నాను.

"ఆయ్, అన్నీ తెల్లవేనండి. వదిలేసి వెళ్లండి, సాయంత్రానికి ఇచ్చేస్తాను" అన్నాడు కొట్టతను.

నేను నమ్ముతానా? బిళ్ల బ్యాటరీకి ఒక్కోటీ ఆనించి చూపించమన్నాను. మూడు నీలంగా వెలిగాయి!

"మీరేమన్నా పోలీసాండీ?"

"కాదండి, కొబ్బరికాయల వ్యాపారి కొడుకుని."

మీటల కింద స్విచ్‌లు కూడా మార్చేస్తాడేమోనని అనుమానం. అతను టీకి వెళ్లగానే, మా నాన్న కాయల రాశికి సున్నం గుర్తు పెట్టినట్టు, గోళ్లరంగుతో గుర్తు పెడదామని మీటలు ఊడదీశాను. అప్పటికే ప్రతి స్విచ్ మీదా ఎర్రచుక్క ఉంది. నువ్వు పెట్టిందే.

అతని ఎదురుగానే కూర్చుని లైట్లు వేయించుకొచ్చాను. అన్నీ తెల్లగా వెలుగుతున్నాయి. కానీ ఆ కీబోర్డుని ముట్టుకునేది మనిద్దరమే కదరా. మరి ఎవరి మీద అనుమానంతో పెట్టావా చుక్కలు? నీ మొహం చూస్తూ అడగాలి. ఎప్పుడు కలుద్దాం?