సున్నం కింద చేప

అక్కయ్యకు నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం, నా కాళ్లు తప్ప. ఆపరేషన్ చేసిన నీ మోకాలు వంగుతోందని, బావగారు ఇంకా విసుక్కోకుండా టీ పెట్టి ఇస్తున్నారని తలుస్తాను.

అడవిలో ఎలా ఉందని అడిగావు. ఏం చెప్పను! వచ్చి రెండు వారాలైతే పదకొండు రోజులు వానే. పడవలు ఆపేశారు. కొండ ఎక్కించే గైడుకి సుడిగాలి అని పేరు పెట్టాను. "ఇంకో పది నిమిషాలే సార్" అంటాడు; ఆ పది నిమిషాలు గంటన్నర సాగుతాయి. నిన్న సాక్సు విప్పితే నాలుగు జలగలు. సెలవు పెట్టి మరీ వచ్చి వాటిని మేపుతున్నాను.

ఇక నీ అసలు ప్రశ్న. వాగు ఒడ్డున నాన్న రాళ్లు చెక్కి కట్టిన పాత నీటి పిండిమర గోడ మీద ఆయన తన గుర్తుగా చెక్కిన చేపను చూశానని, చాలా బాగుందని పోయిన ఉత్తరంలో రాశాను. "ఎటు చూస్తోందిరా? నా చేప వాగుకి ఎదురీదుతుందనేవాడు నాన్న" అని నువ్వు వెంటనే అడిగావు. అక్కా, నేను చేపను చూడలేదు. అబద్ధం రాశాను.

బయట బోర్డు మీద 'రాతిపనివాళ్ల గుర్తులు తప్పక చూడండి' అని ఉంది. ఆవరణలోకి వెళ్తే గోడంతా తెల్లటి సున్నం. "చూడ్డానికొచ్చేవాళ్లకి నీట్‌గా ఉండాలి కదండీ, మూడు పూతలేయించాం" అన్నాడు కాపలాదారు, గర్వంగా. ఒళ్లు మండిపోయింది. మంచంలో ఉన్న నీకు ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం అందాక ఈ పొద్దున మళ్లీ వెళ్లాను. వానలో తడుస్తూ గోడను రాయి రాయిగా తడిమాను.

"ఏమైనా పోయిందాండీ?" అన్నాడు కాపలాదారు.

"పోగొట్టింది మీరే" అన్నాను.

నీటిచక్రం పక్కన, మోకాలెత్తున, వేలికి గాడి తగిలింది. అతను అరుస్తున్నా వినకుండా గోళ్లతో గీకాను. చేప వాగుకి ఎదురీదుతూనే ఉంది. దాని వెనకే ఇంకో చేప, బొటనవేలంత. నాన్న ఆ గోడ కట్టేనాటికి నీకు మూడేళ్లు. రెంటినీ పెన్సిలుతో కాగితం మీదికి దింపి ఇందులో పెట్టాను.

అప్పటికి నేను పుట్టలేదని నాకు తెలుసు. తెలిసీ, యాభై ఏళ్లవాణ్ణి, ఇంకో చిన్న చేప ఉందేమోనని గోడ చివరిదాకా తడిమాను.

ఇట్లు,
గోళ్లనిండా సున్నంతో
నీ తమ్ముడు