నాయనమ్మ ఇచ్చిన బిళ్ళ

మిల్టన్

అత్తయ్యా,

ఫోన్‌లో చెప్పే ధైర్యం చాలక రాస్తున్నాను.

మీ ఊరు కనాటా నుంచి మీరు పంపిన ముత్తాత రెండు పెళ్ళిళ్ళ లగ్నపత్రికలూ చూశాను. రెండోది తాతయ్య పుట్టాక రాసింది. అంటే తాతయ్యను కన్నది మొదటి భార్య వీరరాఘవమ్మే. రెండో భార్య మెడలో చనిపోయిన మొదటావిడ ముఖం చెక్కిన బంగారు బిళ్ళ వేయడం మన ఇంటి ఆచారమనీ, నాయనమ్మ నాకిచ్చింది అదేననీ, ఆవిడ రూపం మరెక్కడా లేదు కనుక దాన్నే ఫోటో తీసి పంపమనీ అడిగారు.

ఏం పంపను? ఎవరో అమ్మవారనుకున్నాను. పోయిన నెలే ఎటోబికోలో నగల షాపులో ఇచ్చి మా అమ్మాయి నిఖిలకు కమ్మలు చేయించాను. "ముఖం అరిగిపోయింది కదండీ, మెల్ట్ చేసేయండి" అన్నది నేనే.

నిఖిల ఫోటో పంపుతున్నాను. కమ్మలు కాదు, దాని ముఖం చూడండి. ఆవిడ పోలిక ఉండే ఉంటుంది. పోల్చి చూడ్డానికి ఉన్న ఒక్క ముఖాన్నీ నేనే కరిగించేశాను.

మీ మేనకోడలు