మన ఇంటి కడుపుమంట

అన్నయ్యా,

నువ్వు డాక్టరుతో అబద్ధం చెప్పావు. "మీ ఇంట్లో ఎవరికైనా కడుపులో క్యాన్సర్ వచ్చిందా?" అని ఆయన నా ముందే అడిగితే, "అబ్బే, మా వంశంలో అలాంటివి లేవండీ" అన్నావు. నాకు మాత్రలు రాసిచ్చి పంపేశాడు. నిజం తెలిసుంటే అప్పుడే గొంతులోంచి కడుపులోకి గొట్టం వేసి చూసేవాడట. దారిలో నువ్వు, "లోకం మీద పడి రాసి రాసి తెచ్చుకున్న కడుపుమంటరా ఇది!" అని నవ్వావు. నేనూ నవ్వాను.

ఇప్పుడు కోసి చూసి, తీయడానికి వీల్లేనంతగా క్యాన్సర్ పాకిందని మళ్లీ కుట్టేశారు. నిన్న నా మంచం పక్కన అమ్మ నోరు విప్పింది. నాన్నా తాతా పోయింది అల్సర్‌తో కాదట, దీనితోనేనట. "పరువు పోతుందని మీ అన్నయ్యే చెప్పనివ్వలేదురా" అంది.

వంశం పరువును తిట్టి ఎన్ని వ్యాసాలు రాశాను! అది నా కడుపులోనే కాపురం పెట్టింది. ఆస్తి పంచాలంటే పెద్దమనుషుల్ని పిలుస్తాం. ఈ జన్యువు ఎవర్నీ పిలవకుండానే వాటాలు వేస్తుంది. మొన్న నీ కూతురు ఫోన్లో, "బాబాయ్, రెండు ముద్దలకే కడుపు మండుతోంది" అంటుంటే, వెనక నుంచి నీ గొంతు వినబడింది: "గ్యాసేనమ్మా!"

నా పని అయిపోయింది. క్షమాపణ వద్దు. ఇవి చెయ్యి:

అమ్మాయిని రేపే ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.
తాత సంగతీ, నాన్న సంగతీ, నా సంగతీ చెప్పు.
జన్యు పరీక్షకు నువ్వూ రక్తం ఇవ్వు.
మన ఇంట్లో దీన్ని ఇంకెప్పుడూ కడుపుమంట అనకు.